కర్పూరం ఆర్పి మానిన మాత్ర

ఈ సంగతి రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మత్తు మానడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆసుపత్రిలో చేర్చడం దగ్గరే ఆగిపోతారు. ఎలా చేర్పించాం, ఎంత తంటాలు పడ్డాం, డాక్టరు ఏమన్నారు, అంతవరకే. మనిషి సంచి సర్దుకొని వార్డు బయటికి వచ్చి, ఊరి బస్సెక్కిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. మా ఊరి గ్రంథాలయంలో ఆరోగ్యం, మనస్తత్వం అని చీటీలు అంటించిన రెండు బీరువాలూ అడుగు అర నుంచి పై అర దాకా చదివినవాణ్ణి నేను. నల్లమందు చరిత్ర తెలిసింది, మెదడు పనిచేసే తీరు తెలిసింది. కానీ ఎండాకాలంలో ఒక మనిషి గొర్రెల దొడ్డిలో కంబళి కప్పుకొని వణుకుతుంటే, వాడి తల్లితో ఏం మాట్లాడాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో వచ్చే ప్రమాణం వంటివి మా ప్రాంతపు ఇళ్ళలో ఇప్పటికీ జరుగుతున్నాయి. కోపంతో కాదు, ప్రేమతోనే జరుగుతున్నాయి. అలాంటి ఇంట్లో ఎవరో ఒకరు ఇది చదివితే మంచిదని నా ఆశ. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాశాను. వాళ్ళ పేర్లు వాళ్ళే మార్చుకొని ఇచ్చారు.

అది రెండు వేల ఇరవై మూడు, వేసవి. కదిరిలో ఒక ఆసుపత్రి డీ-అడిక్షన్ వార్డుకు నేను పీర్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. డీ-అడిక్షన్ అంటే మత్తు అలవాటు మాన్పించే వైద్యం. పీర్ వర్కర్ అంటే అదే అలవాటులో పడి బయటికి వచ్చినవాడు, ఇప్పుడు బయటికి వస్తున్నవాడికి తోడుగా ఉండడం. నేను మందు రాయను, మోతాదు మార్చను. డిశ్చార్జి రోజున మనిషితో పాటు బస్సెక్కి ఇంటిదాకా వెళతాను. తర్వాత వారానికోసారి వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుంటాను. ఫోన్ వస్తే ఎత్తుతాను. పనంతా ఇదే.

అంతకు ముందు నేను బోరు బండిలో పనిచేసేవాణ్ణి. ఇనుప రాడ్లు ఎత్తి ఎత్తి భుజం పోయింది. ఎవరో నొప్పి మాత్రలిచ్చారు. అవి ఓపియాయిడ్లని, అంటే నల్లమందు జాతికి చెందినవని, నొప్పితో పాటు మనిషిని కూడా పట్టుకుంటాయని అప్పుడు నాకు తెలియదు. తెలిసేసరికి భుజం నొప్పి పోయింది, మాత్రలు మాత్రం పోలేదు. వార్డులో చేరి బయటికి వచ్చాక పగలంతా ఎక్కడ కూర్చోవాలో తెలియక గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చోవడం మొదలుపెట్టాను. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మొదట సినిమా పేజీలు, తర్వాత దినపత్రిక మొత్తం, ఆ తర్వాత పుస్తకాలు. నాకు చదువు చెప్పిన బడి అదేనని ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను.

ఓబులేసుది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. ఇంట్లో జీవాలున్నాయి. మా వైపు గొర్రెల్ని జీవాలనే అంటారు. వానలు సరిగా లేక, మేత చాలక, కొన్నేళ్ళుగా అతను కదిరి శివార్లలో ఒక వేరుశనగ మిల్లులో హమాలీగా మూటలు మోసేవాడు. నడుము పట్టేసింది. తోటి హమాలీ ఒకడు జేబులోంచి ఒక మాత్ర తీసి ఇచ్చాడు. తర్వాత కథ నా కథే, బోరు బండికి బదులు మిల్లు, అంతే తేడా.

డిశ్చార్జి రోజున బస్సు ఆ మిల్లు ముందు ఆగింది. అక్కడొక స్టాపుంది. ఓబులేసు కిటికీ వైపు చూడకుండా తల దించుకున్నాడు.

"నడుము నొస్తాందా?" అని అడిగాను.

"నడుమేం లేదన్నా. ఈ మిల్లు కనపడితే చాలు, నోట్లో చేదు ఊరతాది. బిళ్ళ నమిలినట్లే ఉంటాది."

దీన్ని మేం క్రేవింగ్ అంటాం. శరీరం మానినా మనసు అడిగే అడుగుడు. వార్డులో డాక్టరు చెప్పిన జాగ్రత్త నేను మళ్ళీ గుర్తు చేశాను. మత్తుకు అలవాటుపడ్డ శరీరం ఎక్కువ మోతాదును తట్టుకుంటుంది, దాన్ని టాలరెన్స్ అంటారు. కొన్నాళ్ళు మానితే ఆ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు మనిషి పాత లెక్కనే మింగితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఆసుపత్రి నుంచి వచ్చిన తొలి నెలల్లో మాకుండే పెద్ద భయం ఇదే.

"అంటే ఇప్పుడు నేను కొత్తోన్ని అన్నమాట," అన్నాడు ఓబులేసు.

"కొత్తోనికంటే ప్రమాదం. కొత్తోడు భయపడతాడు, నువ్వు భయపడవు."

ఇంటి దగ్గర అతని తల్లి నారాయణమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వెవరప్పా, డాక్టరా?"

"కాదమ్మా. పీర్ వర్కర్ని. నా పేరు పకీరప్ప."

"పీర్ల పండగ ఇంగా యాడనో ఉండాదే, ఇప్పుడే వచ్చినావే!"

తలుపు వెనక ఓబులేసు భార్య రాధ కిసుక్కుమంది. నేను నా పని ఏమిటో చెప్పాను.

"అంటే నువ్వూ మింగినోనివే."

"ఔనమ్మా."

"చూస్తే అట్ల లేవే."

"మింగినోళ్ళకు కొమ్ములుంటాయామ్మా?"

"నా కొడుక్కు ఉన్న్యాయిలే," అని, లోపలికి వెళ్ళి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. తిన్నాను. నేను ఇప్పటికీ డాక్టరిచ్చిన మాత్ర వాడుతున్నానన్న మాట ఆ రోజు రాలేదు. ఆమె అడగలేదు.

ఆ మాత్ర గురించి ఇక్కడ చెప్పాలి, వార్డులో ఓబులేసుకు ఇచ్చిందీ అదే. దాని పేరు బ్యుప్రెనార్ఫిన్. అదీ నల్లమందు జాతిదే. కానీ డాక్టరు చెప్పిన మోతాదులో అది మనిషిని మత్తులో ముంచదు, మత్తు కోసం తపించనీయదు. పాత మాత్ర మానినప్పుడు వచ్చే ఒళ్ళునొప్పులు, వణుకు, విరేచనాలు, నిద్రలేమి, వీటన్నిటినీ కలిపి విత్‌డ్రాయల్ అంటాం, అవి రాకుండా కాస్తుంది. మింగకూడదు. నాలుక కింద పెట్టుకొని, పూర్తిగా కరిగేదాకా నోరు మూసుకొని కూర్చోవాలి. నీళ్ళు తాగకూడదు, మాట్లాడకూడదు. వారానికి సరిపడా మాత్రలు రాధ చేతికిచ్చేవాళ్ళు. రోజూ పొద్దున ఆమె ఒకటి తీసి ఇస్తే, ఓబులేసు గోడకానుకొని కూర్చొని కరగనిచ్చేవాడు.

మొదటి వారాలు బాగా జరిగాయి. కంటికింద నలుపు తగ్గింది. జీవాల్ని తోలుకొని గుట్ట వైపు పోవడం మొదలుపెట్టాడు. నారాయణమ్మ మాత్రం నేను వెళ్ళిన ప్రతిసారీ ఒకటే అడిగేది.

"ఇంగెన్నాళ్ళప్పా ఈ బిళ్ళ?"

"డాక్టరమ్మ చెప్పేదాకా. ఏడాది కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు."

"బిళ్ళ మాన్పించేదానికి బిళ్ళా? ఇదేం వైద్యం?"

నాకు ఉత్సాహం వచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు నేను పుస్తకంలో చదివి ఉన్నాను, బొమ్మతో సహా. మెదడులో చిన్న చిన్న బీగాల్లాంటివి ఉంటాయని, పాత మాత్ర వాటిలో దూరి తలుపులన్నీ బార్లా తెరుస్తుందని, ఈ మాత్ర అదే బీగంలో కూర్చొని తలుపును కొంచెమే తెరిచి పెట్టి, పాతదాన్ని దూరనివ్వదని చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

నారాయణమ్మ ఓపిగ్గా విన్నది. "అయితే నా కొడుకు తలకాయలో బీగాలుండాయంటావు. బీగం చెవి ఆ డాక్టరమ్మ దగ్గరుండాదంటావు. అంటే వీడు బతికినంత కాలం ఆయమ్మ వాకిట్లో నిలబడాల్సిందే. ఇంతకుముందు మందుల షాపోని వాకిట్లో నిలబడె. అంతే కదప్పా?"

నేను చెంబెడు నీళ్ళు తాగి సాయంత్రం బస్సెక్కాను.

ఆ తర్వాత బంధువుల ఇంట్లో ఒక పెళ్ళికి వెళ్ళింది ఆమె. అక్కడెవరో పదిమందిలో అన్నారట, "మీ ఓబులేసు మానలేదంట కదక్కా, షాపు మార్చినాడంట." ఆ మాట ఆమెను కాల్చేసింది.

ఒకరోజు పొద్దున్నే రాధ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అన్నా, మా అత్త మూడు దినాల కింద మారెమ్మ గుడి కాడ కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించినాది."

"ఏమని?"

"ఏ బిళ్ళా ముట్టనని. షాపు బిళ్ళా ముట్టను, డాక్టరు బిళ్ళా ముట్టనని, రెండూ చెప్పించినాది. ఆయన అదే పట్టు పట్టినాడు. నిద్ర లేదు, తిండి లేదు. దొడ్లో పడుకొని ఉండాడు. నాకు భయంగా ఉండాదన్నా."

మా వైపు కర్పూరం ఆర్పడమంటే మామూలు మాట కాదు. దేవత ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో నొక్కి ఆర్పి మాట ఇస్తారు. పొలం తగాదాలు, దొంగతనం అనుమానాలు కూడా దాంతో తేలిపోయేవి. అలా ఇచ్చిన మాట తప్పితే తప్పినవాడికీ, వాడికి దగ్గరివాళ్ళకీ కీడు తగులుతుందని నమ్మకం. నేను దూదేకుల ఇంట్లో పుట్టినవాణ్ణే అయినా ఆ నమ్మకం మధ్యే పెరిగాను. నవ్వి తీసిపారేసే విషయం కాదని నాకు తెలుసు.

నా మాత్ర కూడా వేసుకోకుండా మొదటి బస్సుకే బయలుదేరాను.

ఓబులేసు గొర్రెల దొడ్డిలో గోడవార కంబళి కప్పుకొని ఉన్నాడు. బయట ఎండ పేలిపోతోంది. అతని చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. ముక్కు కారుతోంది, ఆగకుండా ఆవలింతలు. కాళ్ళు వాటంతటవే తన్నుకుంటున్నాయి. ఆ స్థితి ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు.

"ఎముకల్లో చీమలు పోతాండాయన్నా," అన్నాడు.

"డాక్టరమ్మ దగ్గరికి పోదాం. మళ్ళీ మొదలుపెడుతుంది."

"ఆ మాట అనద్దు. అమ్మ నా చెయ్యి మింద చెయ్యి పెట్టి ఆర్పించినాది. నేను తప్పితే నాకు తగిలితే పర్వాలేదు. ఆయమ్మకు తగిలితే?"

నా మొహం చూడకుండా అన్నాడు: "తప్పాల్సే వస్తే పాతదానికే తప్పుతానన్నా. ఎట్లా పాపమే కదా. అదైతే ఒక గడియలో నిద్ర పడతాది."

నేను అతని పక్కన గోడవార కూర్చున్నాను. "పాత లెక్కనే వేసుకుంటే లేవవు ఓబులేసూ."

"తెలుసన్నా. అందుకే ఇంగా ఈడ కూచున్నా."

వార్డు డాక్టరు సుజాత గారికి ఫోన్ చేశాను. మధ్యలో ఆపాడు కాబట్టి సొంతంగా పాత మోతాదు ఇవ్వవద్దని, వీలైతే ఈ రోజే తీసుకొస్తే తక్కువ మోతాదుతో తన కళ్ళ ముందే మళ్ళీ మొదలుపెడతానని చెప్పారు. తీసుకెళ్ళాలి. అతన్ని కదిలించగల మనిషి ఒక్కరే.

నారాయణమ్మ అరుగు మీద విత్తనానికని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఒక పక్క పొట్టు, ఒక పక్క గింజలు. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"నీకు ఫోన్ పోయిందన్నమాట. కూచో. బీగాల కథ మాత్రం చెప్పొద్దు."

"చెప్పనమ్మా. వాడి పరిస్థితి చూస్తాండావు కదా."

"చూస్తాండా. విషం దిగేటప్పుడు నొప్పి ఉండదా? నాలుగు దినాలు పడతాడు, అయిపోతాది. నా మొగుడు సారాయి మానేటప్పుడు పడలేదా?"

ఇది ఆ విషం కాదని, ఇప్పుడు జారితే ప్రాణానికే వస్తుందని చెప్పాను. టాలరెన్స్ గురించి నాకు చేతనైనంత విడమరిచి చెప్పాను. ఆమె కాయలు చిట్లగొడుతూనే ఉంది. "వాడు జారడు. కర్పూరం ఆర్పినాడు," అంది.

అప్పటికే నా మాత్ర వేళ దాటిపోయింది. మెడ వెనక చెమట మొదలైంది. ఆమెను ఒప్పించాలనే ఎత్తుగడతో చేసిన పని కాదిది. వేళ మించిపోయింది, అంతే. జేబులోంచి నా షీటు తీసి ఒకటి చించాను.

కాయల చప్పుడు ఆగింది.

"ఏంది అది?"

"మాత్రమ్మా. ఓబులేసుదే. నేనూ రోజూ వేసుకుంటా."

"నువ్వా? నువ్వు మానినావంటివే!"

"ఆ పాతది మానినా. ఇది వేసుకుంటా." అని నాలుక కింద పెట్టుకొని, ఇక మాట్లాడలేనని చేత్తో సైగ చేశాను.

ఆమెకు కోపం వచ్చింది. నేను నోరు తెరవలేను. ఆ కొద్దిసేపూ ఆమె మాట్లాడిందంతా నేను వినడమే.

"ఓరి నీ పాసుగుల! ఇన్నాళ్ళు నా ఇంట్లో సంగటి తిని ఈ మాట చెప్పకపోతివి. నువ్వే మానలేనోనివి, నా కొడుకుని మాన్పిస్తావా? ఆ? మాట్లాడవేంది? ఓ, మాట్లాడకూడదు కదా. మా వాడూ అట్లనే గోడకానుకొని మూగోని మాదిరి కూచుంటాండె. నాకు ఒళ్ళు మండుతాండె చూస్తాంటే."

నేను తల ఊపాను.

"పెళ్ళిలో ఏమన్నారో తెలుసా నీకు? షాపు మార్చినాడంట. నవ్వినారప్పా, అందురూ నవ్వినారు. నేను తల యాడ పెట్టుకోవల్ల?" ఆమె ఒక కాయ తీసుకుంది, ఒలవలేదు. "వాని నాయన మానినా మళ్ళా పట్టి, సారాయితోనే పోయినాడు. చచ్చే ముందర నా చెయ్యి పట్టుకొని, వీణ్ణి మత్తు జోలికి పోనీకు అన్నాడు. నేను పోనిస్తి. పొద్దంతా జీవాల ఎనక తిరిగే ఆడదాన్ని, కదిరి మిల్లులో వాడు ఏం మింగుతాండాడో నాకెట్ల తెలుస్తాది?"

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. కొంతసేపు నన్నే చూసింది. నా మొహం కాదు, నా చేతులు చూసింది.

"నీ చేతులు వణకడం లేదే."

నేను చేతులు చాపి చూపించాను.

"మొదటి బస్సుకే వచ్చినావు. నెల జీతం తీసుకుంటావు. ఏవో పుస్తకాలు చదువుతానంటివి. పెండ్లాముందా?" తల ఊపాను. "పిల్లోల్లు?" ఊపాను. "ఈ బిళ్ళ వేసుకొనే ఇదంతా చేస్తాండావా?"

ఊపాను.

"ఆపితే?"

నేను దొడ్డి వైపు చూపించాను.

ఆమె చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. నా మాత్ర కరిగిపోయింది. మాట్లాడవచ్చు. మాట్లాడలేదు. ఆమె ఒడిలో పొట్టు దులుపుకొని లేచింది.

"లెయ్. గుడి కాడికి పోదాం. మాట ఇప్పించింది నేను. నేనే అడగల్ల."

మారెమ్మ గుడి ఊరి పక్కనే, చిన్న రాతి గది. పూజారి మారెన్న నారాయణమ్మకు మరిది వరస. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"కర్పూరం ఆర్పినాక ఎనక్కి తీసుకునేదానికి లేదొదినా. నీకు తెలీదా?"

"ఎనక్కి తీసుకుంటానని ఎవరన్న్యారు? నువ్వు పక్కకు జరుగు. నేను ఆయమ్మతో మాట్లాడతా."

ఆమె గడప ముందు నిలబడి, ఎదురింటి మనిషితో గొడవ పడినట్లు మొదలుపెట్టింది. "ఏమమ్మా! నా కొడుకు బాగుండాలనే నీ ముందర మాట ఇప్పిస్తి. వాడు సచ్చేదానికి కాదు. వాడు పోతే నీకు పొంగలి ఎవరు పెడతారు? ఈ మారెన్న పెడతాడా? వీడు నూనె కూడా సగమే పోస్తాడు."

"ఏందొదినా!" అన్నాడు మారెన్న.

"నిజం కాదా? గమ్మునుండు." మళ్ళీ అమ్మవారి వైపు తిరిగింది. "నా మాట నేను తప్పను. వాడూ తప్పడు. కానీ ఆ మాటకు గడువు పెడతాండా. డాక్టరమ్మ చాలు అన్న దినం వాడు ఆ బిళ్ళ కూడా మానతాడు. ఆ దినం నీకు పొట్టేలు. అంతవరకు ఆ మాట నీ దగ్గరే ఉండనీ."

కొంగు మూటలోంచి పసుపుగుడ్డ తీసింది. వస్తూ ఇంట్లోంచి తెచ్చుకున్నదే. అందులో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క పెట్టి ముడుపు కట్టింది. మొక్కు తీరినప్పుడు విప్పే మూట అది. మా వైపు పిల్లలు పుట్టాలని, బోరులో నీళ్ళు పడాలని ముడుపు కడతారు. ప్రమాణానికి ముడుపు కట్టడం నేను ఎక్కడా చూడలేదు. మారెన్న కూడా అదే అన్నాడు.

"ఇట్ల యాడా చూడలేదొదినా."

"ఇప్పుడు చూస్తివి కదా. కట్టు పైన."

మారెన్న ఒక క్షణం ఆలోచించి, ముడుపు తీసుకొని కళ్ళకద్దుకొని దూలానికి కట్టాడు. విభూతి తెచ్చి ఆమె చేతిలో పెడుతూ, "వానికి పెట్టు. మారెమ్మ ఒప్పుకున్నాదని చెప్పు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి దొడ్డిలో కంబళి ఒక్కటే ఉంది. రాధ ఇంటి వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడే, నీళ్ళకు పోయి వచ్చేలోగా..." అంది. నారాయణమ్మ ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు వైపు నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

ఓబులేసు బస్సు షెల్టరులో కూర్చొని ఉన్నాడు. కదిరి బస్సు వస్తూ కనిపిస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. దొరికిపోయినవాడి ముఖం కాదు, అలిసిపోయినవాడి ముఖం.

"యాడికిరా?" అంది తల్లి.

"మిల్లు కాడికి." అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు అతనికి. "ఇంగ నా చేత కాదుమ్మా."

ఆమె అతని నుదుటికి విభూతి పెట్టింది. ముడుపు సంగతి చెప్పింది. అతను నమ్మలేనట్లు నావైపు చూశాడు. నేను ఔనన్నాను. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు శ్రీనివాసులు నాకు తెలిసినవాడే. మా ముగ్గురి అవతారం చూసి, తొందర పెట్టకుండా ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాడు.

"సరే ఎక్కు," అంది నారాయణమ్మ కొడుకుతో. "నేనూ వస్తా. ఎక్కేది నీ ఇష్టం. దిగేది నేను చెప్తా."

దారి పొడుగునా ఆమె అతని చెయ్యి వదలలేదు. అతను వణుకుతూనే ఉన్నాడు. ఆమె కొంగుతో అతని ముక్కు తుడుస్తుంటే ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూశారు. "ఏంది చూస్తారు? జొరం," అంది. మిల్లు స్టాపు వచ్చింది. ఓబులేసు లేచి నిలబడ్డాడు. ఆమె చెయ్యి లాగలేదు. దిగేది తాను చెప్తానన్న మనిషి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. శ్రీనివాసులు "మిల్లు, మిల్లు" అని రెండుసార్లు అరిచాడు. ఓబులేసు కూర్చున్నాడు. తల్లి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బస్సు కదిలింది.

డాక్టరు సుజాత గారు అతన్ని పరీక్షించి, పాత మాత్ర ఏదీ వేసుకోలేదని నిర్ధారించుకొని, తక్కువ మోతాదు ఇచ్చి ఎదుటే కూర్చోబెట్టారు. నారాయణమ్మ బల్ల మీద అతని పక్కన కూర్చొని, మాత్ర కరిగేదాకా తానూ నోరు మూసుకొనే ఉంది. సాయంత్రానికి కాళ్ళ తన్నులాట తగ్గింది. టీ అడిగాడు.

తర్వాతంతా నున్నగా సాగలేదు. ఆ మరుసటి ఏడు పంట ఎండిపోయినప్పుడు ఒకసారి జారాడు. మానినవాడు మళ్ళీ పాత అలవాటుకు పోవడాన్ని రిలాప్స్ అంటాం. అయితే ఈసారి దాచలేదు. తనే రాధకు చెప్పాడు, రాధ నాకు చెప్పింది, వెంటనే వార్డుకు వచ్చారు. ఇప్పుడు అతని మోతాదు తగ్గుతూ వస్తోంది. మూటల పని మానేసి జీవాలు మేపుతున్నాడు, బొచ్చు కత్తిరించే పనికి చుట్టుపక్కల ఊళ్ళకు పోతున్నాడు. ముడుపు ఇంకా దూలానికే ఉంది. పొట్టేలు మాత్రం ఎంచి పెట్టారు. అది ముసలిదైపోతోందని ఓబులేసు ఎగతాళి చేస్తాడు. "ముసలిదైతే ఇంకోటి. తొందరేం లేదు," అంటుంది తల్లి.

ఈ కేసు నా పని తీరును మార్చింది. అంతకు ముందు నేను ఏ ఇంటికి వెళ్ళినా చెప్పడానికి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు డిశ్చార్జికి ముందే అడుగుతాను: "మీ ఇంట్లో నీ చేత ప్రమాణం చేయించేది ఎవరు?" ప్రతి మనిషికీ ఒకరుంటారు. తల్లి, అత్త, పెద్దన్న, ఒక్కోసారి కూతురు. ఆ మనిషిని వార్డుకు పిలిపించి, మాత్ర వేసుకునేటప్పుడు పక్కన కూర్చోబెడతాం. కరిగేదాకా వాళ్ళు మాట్లాడతారు. తిట్టాల్సింది తిడతారు, అడగాల్సింది అడుగుతారు. అవతలి మనిషి జవాబు చెప్పలేడు కాబట్టి చివరికి తమ ప్రశ్నకు తామే జవాబు వెతుక్కుంటారు. బీగాల బొమ్మ నేను ఇప్పటికీ చూపిస్తాను, అది తప్పు బొమ్మ కాదు. కాకపోతే అడిగినప్పుడే చూపిస్తాను. ప్రమాణం చేయించినవాళ్ళను వైద్యానికి శత్రువులుగా చూడడం మానేశాను. మనిషి బతకాలని అందరికంటే గట్టిగా కోరుకునేది వాళ్ళే.

ఇక నేను కృతజ్ఞత చెప్పుకోవాల్సినవాళ్ళు. ఆ రోజు ఓపీ వేళ దాటినా వెళ్ళిపోకుండా మాకోసం ఆగిన డాక్టరు సుజాత గారికి. నారాయణమ్మకు తన టిఫిన్ డబ్బాలో సగం పెట్టిన నర్సు మేరమ్మకు. ఇంటికి ఇవ్వకూడని లావు పుస్తకాలను నా కోసం బల్ల మీదే తెరిచి ఉంచిన గ్రంథపాలకుడు వెంకటస్వామి గారికి. బస్సు ఆపి ఉంచిన శ్రీనివాసులుకు. ఎక్కడా చూడని ముడుపును దూలానికి కట్టిన మారెన్నకు. ఇది రాస్తున్నన్ని రోజులూ ఇంటి పని నా వంతు కూడా చేసిన నా భార్య మాబున్నీకి. ఆ ఫోన్ చేసిన రాధకు. నారాయణమ్మకు. ఓబులేసుకు.

అచ్చుకు పంపే ముందు దీన్ని వాళ్ళ అరుగు మీద కూర్చొని చదివి వినిపించాను. నారాయణమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఓబులేసు మాత్రం చివర్లో గొణిగాడు.

"అన్నా, బస్సులో నేను ఏడ్చినానని రాసినావే. అది తీసెయ్. జీవాలు కొనేదానికి వచ్చేటోళ్ళు చదువుతారు."

నేను తల్లి వైపు చూశాను.

"ఉండనీ," అంది నారాయణమ్మ. "యాడ్చినాడు కాబట్టే ఉండాడు."

ఉంచాను.